శ్రమకు మించిన వెల

మనిషి చేసిన పనికి కూలి న్యాయము. పనిలో నేర్పు పెరిగినకొలది కూలి పెరుగుటయు న్యాయమే. ఈ రెండు మాటలను కాదనువారు లేరు. కాని లోకములో కొన్ని వస్తువులు, వాటిపై పడిన శ్రమతో ఏమాత్రము పొత్తు కుదరని వెల పలుకుచుండును. ఊరి వెలుపల బీడుగా పడియున్న భూమికి ప్రక్కగా బాట పడగానే దాని వెల పదింతలగును. ఆ పెరిగిన వెలకై ఆ నేలపై చెమట చిందించినవాడు ఒక్కడును ఉండడు. అట్టి వెలలో శ్రమకు మించిన భాగము ఎవరిది? దానిని తీసికొనుట కాయకమగునా, లేక కాయకమను పేరు తొడిగికొన్న ఆశయగునా? కాయక దాసోహములను జీవిత సూత్రములుగా చెప్పుకొను మనము ఈ ప్రశ్నను తప్పించుకొనలేము.

ఈ ప్రశ్నను విచారించుటకు భూముల బేరము కన్నను, బంగారపు బేరము కన్నను స్పష్టమైన ఉదాహరణ యొకటి కలదు. అది ఫ్లోరైటు అను ఖనిజపు నమూనాలను సేకరించుట, అమ్ముట. మన కుటుంబములలో ఈ వ్యాపారమును ఎరిగినవారు తక్కువ. ఐనను దీనిని ఎన్నుకొనుటకు కారణమున్నది. ఒకే రాయి ఒకచోట టన్నుల లెక్కన పొడియై కొలిమికి పోవును. మరొకచోట అద్దాల బీరువాలో దీపము క్రింద కొలువుదీరును. వస్తువు ఒకటే, వెలలు మాత్రము రెండు. కావున శ్రమ యెంత, శ్రమకు మించినది ఎంత అను లెక్క ఇచ్చట కన్నులకు కట్టినట్లు కనబడును.

ముందుగా ఆ రాయి యెట్టిదో తెలిసికొందము. ఫ్లోరైటు కాల్షియము, ఫ్లోరిను అను రెండు మూలకములు కలిసి ఏర్పడినది. భూగర్భములో వేడినీరు రాతి పగుళ్లగుండ ప్రవహించునపుడు, ఆ నీటిలో కరిగియున్న పదార్థము రాతి కడుపులోని దొల్లలలో మెల్లమెల్లగా పేరుకొని, పాచికల వంటి స్ఫటికములుగా ఎదుగును. ఊదా, ఆకుపచ్చ, పసుపు, నీలము, గులాబి మున్నగు రంగులలో ఇది దొరకును. రంగు లేనిదియు కలదు. ఖనిజముల గట్టితనమును ఒకటి మొదలు పది వరకు లెక్కించు కొలతలో దీని స్థానము 4. అనగా ఉక్కు చాకుతో గీచినచో గీత పడును. నాలుగు దిశలలో నున్నగా చీలు గుణము దీనికి కలదు. ఆ చీలికల వెంట నేర్పుగా తట్టినచో పాచిక వంటి స్ఫటికము ఎనిమిది ముఖములు గల ముక్కగా మారును.

16వ శతాబ్దములో అగ్రికోలా అను జర్మను పండితుడు, లోహములను కరిగించునపుడు ఈ జాతి రాళ్లను కలిపినచో కరుగుట సులభమగునని వ్రాసెను. ప్రవహించుట అను అర్థము గల లాటిను మాట నుండియే దీనికి పేరు వచ్చినది. కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు సోకినపుడు కొన్ని పదార్థములు వెలుగు నిచ్చును. 1852లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్త స్టోక్స్ ఆ గుణమునకు ఈ రాతి పేరు మీదనే ఫ్లోరెసెన్సు అని నామకరణము చేసెను. 1886లో ఫ్రెంచి రసాయనవేత్త మొయిస్సాన్ ఫ్లోరినును విడదీయగలిగెను; 1906లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. నేటికిని ఉక్కు తయారీకి, అల్యూమినియము తయారీకి, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమునకు ఈ ఖనిజమే ఆధారము. గుజరాతులోని అంబాడుంగర్ మన దేశములో దీనికి ప్రసిద్ధమైన చోటు.

తెలుగువారికి ఫ్లోరిను పేరు వినగానే మనసు కలుక్కుమనును. నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో త్రాగునీటి ఫ్లోరైడు వలన ఎముకలు బిగిసి వంగిపోవు వ్యాధిని వైద్యులు 1937లోనే ప్రకటించిరి. నల్లగొండ ప్రాంతపు గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైటు మున్నగు ఖనిజముల నుండి బావినీటిలోనికి దిగిన ఫ్లోరైడు తరతరముల వారిని పీడించినది. పటికతో, సున్నముతో ఆ నీటిని బాగుచేయు విధానమునకు లోకమంతట నల్లగొండ పద్ధతి యనియే పేరు. కావున కంటికి ఇంపైన దాని వెనుక ఒకరి కష్టము దాగియుండవచ్చునను సంగతి మనకు మరొకరు చెప్పనక్కరలేదు.

ఇక వ్యాపారము సంగతి. అమెరికాలోని టూసాను నగరములో 1955లో ఆరంభమైన ఖనిజ ప్రదర్శన నేడు ప్రపంచ ప్రసిద్ధము. జర్మనీలోని మ్యూనికు నగరములోను అట్టి పెద్ద సంత జరుగును. సంగ్రహాలయముల వారు, ధనికులు, ఉపాధ్యాయులు, బడిపిల్లలు అందరును అచ్చటికి వత్తురు. ఈ అభిరుచి గలవారి కొరకు 1970 నుండి మినరలాజికల్ రికార్డ్ అను పత్రిక అమెరికాలో వెలువడుచున్నది. కొనువాడు మొదట రంగును, స్వచ్ఛతను చూచును. తరువాత అంచులు చెదరకున్నవా అని చూచును. తల్లిరాతిపై స్ఫటికము కుదురుకొన్న తీరును చూచును. చివరకు, ఏ దేశపు ఏ గనిలోనిది అని అడుగును. ఇన్నియు కుదిరినచో అరచేతిలో ఇముడు ముక్క వెల, టన్నుల కొలది ముడి ఖనిజపు వెలను మించిపోవుట కలదు.

ఈ వెలలో శ్రమ లేదని చెప్పరాదు. రాతిగోడలో దొల్లను గుర్తించుట, తుపాకిమందు తాకిడికి చెదరకుండ ఉలితోను, రంపముతోను చుట్టును తొలుచుట, కాగితములలోను, దూదిలోను పొదిగి పైకి చేర్చుట, మట్టిని, త్రుప్పును నెమ్మదిగా తొలగించుట, ఇవి యన్నియు నేర్పుతో గూడిన పనులే. దీనికి కూలి ఎంత కట్టినను తప్పులేదు. ఐనను ఎంత కట్టినను, పలికిన వెలలో మరికొంత మిగులుచునే యుండును. ప్రక్క గోడలోని మరొక ముక్కను అంతే శ్రమతో తీసినను దానికి నూరవ వంతు వెల పలుకకపోవచ్చును. కనుక ఆ మిగిలినది శ్రమది కాదు. మరి ఎవరిది?

మొదటి సమాధానము: కొన్నవాడిది. వాడు సొమ్మిచ్చెను, ఇక వాని ఇష్టము. ఈ సమాధానము ఎంతవరకు పోవునో రోము చరిత్ర చెప్పుచున్నది. ఆ కాలమున ముర్రిన అను పాత్రలు అపురూపమైనవి. అవి ఫ్లోరైటుతో చేసినవేయని పెక్కుమంది పండితుల అభిప్రాయము. ఫ్లోరైటుతో చేసిన రోమను పాత్రలు బ్రిటిష్ మ్యూజియములో నేటికిని కలవు. అధికారము వెలగబెట్టిన ఒక పెద్దమనిషి అట్టి పాత్రను 70,000 నాణెములకు కొని, దానిపై గల మోహముతో అంచును కొరుకుచుండెననియు, అట్లు కొరికినందున దాని వెల ఇంకను పెరిగెననియు ప్లినీ అను రోమను రచయిత తెలిపెను. పెట్రోనియసు అనువాడు చనిపోవు ముందు, తన ముర్రిన గరిటె నీరో చక్రవర్తి చేతికి దక్కరాదని పగులగొట్టెనట. దానిని అతడు 3,00,000 నాణెములకు కొనియుండెను.

క్రూరుడైన చక్రవర్తికి లొంగని తెగువ అందు కలదని కొందరు మెచ్చుకొనవచ్చును. కాని ఆ రాయి చేసిన తప్పేమి? భూమి తన కడుపులో యుగములు పెంచినదానిని, శిల్పి తన కన్నులు ఒడ్డి మలచినదానిని, ఇద్దరు మనుష్యుల పగ ఒక్క క్షణములో ముక్కలు చేసినది. సొమ్ము ఇచ్చినవానికి చూచు హక్కు, ఉంచుకొను హక్కు వచ్చును. నశింపజేయు హక్కు వచ్చునని మన మనసు ఒప్పుకొనదు. ఒప్పుకొననిచో, కొన్నవాడు సంపూర్ణ యజమాని కాడనియే అర్థము.

రెండవ సమాధానము: నేల ఎవరిదో వారిది. చట్టము సాధారణముగా ఈ మాటనే చెప్పును. చట్టమును మన్నింపవలెను. ఐనను ధర్మ విచారము అచ్చటితో ఆగదు. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రపు దక్షిణ భాగమున, ఓహియో నది తీరములో కేవ్-ఇన్-రాక్, రోజిక్లేర్ అను ఊళ్లు కలవు. ఆ ప్రాంతము చిరకాలము ఫ్లోరైటు గనులకు పేరుపొందెను. 1965లో ఆ రాష్ట్రము ఫ్లోరైటును తన అధికార ఖనిజముగా ప్రకటించెను. 1995లో చివరి గని మూతపడినది. నేడు ప్రపంచపు సంగ్రహాలయములలో కనబడు చక్కని ఊదా, పసుపు ఫ్లోరైటులలో పెక్కు అచ్చటివే. అవి గని కూలీల సద్దిడబ్బాలలో దాగి పైకి వచ్చినవని వాడుక. కొన్నిచోట్ల యజమానులు చూచియు చూడనట్లుండిరి, కొన్నిచోట్ల నిషేధించిరి.

కూలివాని స్థితిని ఆలోచింపుడు. వాని దీపపు వెలుగులో గోడనడుమ దొల్లయొకటి తెరచుకొన్నది. లోన నూరు పాచికలు మెరయుచున్నవి. మరునాటి ప్రేలుడుతో అవి అన్నియు పొడియై మరబట్టీకి పోవును. ప్రపంచములో వాటిని చూచిన మొదటివాడు వాడే. వాడు చేయి చాపనిచో చివరివాడును వాడే. ఒక ముక్కను తీసి సద్దిడబ్బాలో పెట్టుకొనుట దొంగతనమా, రక్షణమా?

శరణుల చరిత్రలో దీనికి ఒక వెలుగు దొరకును. కల్యాణ పట్టణమున ఆయ్దక్కి మారయ్య వీధులలో రాలిన బియ్యపు గింజలను ఏరితెచ్చుటయే కాయకముగా గలవాడు. రాలిన గింజను ఏరుట వేరు. రాశిలోని గింజను తీయుట వేరు. రాలినది ఎవరికిని అక్కరలేనిది, కాళ్లక్రింద నలిగిపోవునది. దానిని ఏరినవాడు ఒకరి సొత్తును తగ్గింపలేదు, నలిగిపోవుదానిని నిలిపెను. యజమాని అనుమతించిన గనిలో కూలివాడు తీసిన స్ఫటికము రాలిన గింజవంటిది. యజమాని వలదన్నచోట అది రాశిలోని గింజయే. ఆ నిషేధము తెలివిలేనిదైనను, దానిని చాటుగా దాటుట కాయకము కాదు. అడుగుటలోనే ధర్మమున్నది. ఐతే అట్టి నిషేధము పెట్టి అందమును పొడి చేయించిన యజమాని నిర్దోషి యని భావింపరాదు. తాను వాడుకొనడు, వాడుకొనువానిని వాడుకొననీయడు. అది కావలికుక్క గడ్డివాము మీద పండుకొన్నట్లుండును.

ఇంగ్లండు ఉత్తర భాగమున వీర్‌డేల్ అను లోయలోని సీసపు గనుల కూలీల రీతి ఇందుకు భిన్నముగా మనోహరమైనది. వారు తమకు దొరకిన ఫ్లోరైటు, పలుగురాయి మున్నగు ముక్కలను అద్దపు ముఖము గల చెక్కపెట్టెలలో గుహల వలె, వీధుల వలె పేర్చి ఇండ్లలో ఉంచుకొనిరి, పోటీలలో ప్రదర్శించిరి. అట్టి పెట్టెలు కొన్ని కిల్‌హోప్‌లోని గనుల సంగ్రహాలయములో ప్రదర్శింపబడినవి. పగలెల్ల చీకటిలో పనిచేసిన చేతులు, సాయంకాలము ఆ చీకటిలోని అందమునే ఇంటికి తెచ్చి బిడ్డలకు చూపినవి. సౌందర్యము ధనికులకే గాని శ్రామికునికి అక్కరలేదను మాట ఎంత అబద్ధమో ఆ పెట్టెలు చెప్పుచున్నవి.

అందమైన రాయిని చూచుచున్నప్పుడు మరువరాని సంగతి మరొకటి యున్నది. 1971 ఏప్రిల్ 12వ తేదీన ఇల్లినాయిలోని బార్నెట్ ఫ్లోరైటు గనిలో హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువు సోకి ఏడుగురు కార్మికులు మరణించిరి. ప్రదర్శనశాల చీటీలో రాతి పేరుండును, ఊరి పేరుండును. దానిని వెలికి తెచ్చుటకు ఒడ్డిన ప్రాణముల పేర్లు ఉండవు. శ్రమకు మించిన వెల గూర్చి తర్కించునపుడు, కూలిగా చెల్లింపబడని శ్రమ యెంత గలదో కూడ లెక్కలోనికి తీసికొనవలెను.

ఈ సంగతి మన దేశమునకును వర్తించును. మహారాష్ట్రలోని నల్లరాతి దొల్లలలో దొరకు స్ఫటికములకు విదేశములలో గొప్ప గిరాకి కలదు. నాసిక్ జిల్లా మహోదరి వద్ద రాతి క్వారీలో పసుపువన్నె బుడగల వంటి ఫ్లోరైటు లభించి సేకర్తలను ఆశ్చర్యపరచినది. క్వారీలలో కంకర కొట్టువారు, బావులు త్రవ్వువారు వీటిని మొదట చూచువారు. ఆ చేతి నుండి ఊరి దళారికి, దళారి నుండి నగర వర్తకునికి, అచ్చటి నుండి టూసానుకు చేరునప్పటికి వెల ఎన్నో మెట్లు ఎక్కును. తుదిమెట్టున పలికిన వెల ఎంతయో మొదటిమెట్టున నున్నవానికి తెలియదు. తెలియని వానివద్ద కొనుట చట్టరీత్యా బేరమే. కాని ఆ తెలియమియే లాభమునకు మూలమైనపుడు, దానిని కాయకమని పిలుచుటకు నోరు రాదు.

నులియ చందయ్య కథ ఇచ్చట స్మరింపదగినది. గడ్డి కోసి, తాళ్లు పేని, వాటిని అమ్మి వచ్చిన సొమ్ముతో జంగమ దాసోహము చేయుట ఆయన వ్రతము. ఒకప్పుడు తాటికి న్యాయముగా రావలసినదాని కన్న ఎంతో ఎక్కువ సొమ్ము చేతికి వచ్చినపుడు ఆయన దానిని అంగీకరింపలేదని శరణ కథలు తెలుపుచున్నవి. ఇచ్చినవాడు ఇష్టముతోనే ఇచ్చెను గదా, తప్పేమి అని మనమనుకొందుము. తాడు పేనిన చేతికి ఆ తాటి వెల తెలియును. ఆ చేతికి తెలిసిన వెలకు మించి వచ్చినది తనది కాదని ఆయన ఎరుగును. ఆ ఎరుకయే కాయకమును వ్యాపారము నుండి వేరుచేయుచున్నది.

ఐతే స్ఫటికపు వర్తకుడు చందయ్య వలె చేయగలడా? తాటి వెలను శ్రమతో కొలువవచ్చును. స్ఫటికమునకు అట్టి కొలత లేదు. యుగముల కాలమునకు కూలి ఎవరు కట్టగలరు? కావున హెచ్చు వెలను తిరస్కరించుటయే మార్గమని చెప్పుట తేలిక. ఆచరణకు అది చాలదు. తక్కువ వెలకు ఇచ్చివేసినచో ఆ మిగులు మాయమగునా? కాదు. తరువాతి వర్తకుని సంచిలోనికి పోవును. అందుచేత ఆ మిగులును ఎట్లు వదలుకొనవలెనని గాక, దానిని ఎవరికి తిరిగి చేర్చవలెనని ఆలోచించుట మేలు.

ఆ మిగులు ఎచ్చటి నుండి పుట్టినదో చూచినచో, ఎచ్చటికి చేర్చవలెనో తెలియును. దానికి మూడు మూలములు కలవు. మొదటిది, రాతిని మొదట గుర్తించి, చెదరనీయక తీసినవాని కన్ను, ఓపిక. రెండవది, ఆ రాయి ఎచ్చటిదను సత్యము. మూడవది, మరల రాని ప్రకృతి కాలము. ఈ మూటికిని మూడు ఋణములు కలవు.

మొదటి ఋణము తీర్చుట కష్టమేమియు కాదు. కొనువాడు తుది వెలలో కొంత భాగము మొదటివానికి చేరునట్లు ముందే మాట్లాడుకొనవచ్చును. హెచ్చు వెల పలికినపుడు మరల వెళ్లి మరికొంత ఇచ్చుట మూర్ఖత్వమని బజారు నవ్వవచ్చును. శరణుని చూచి కూడ బజారు నవ్వియే యుండును.

రెండవ ఋణము సత్యము. ఖనిజ నమూనాకు చీటీ ప్రాణము. ఎచ్చట, ఏ గనిలో, ఎప్పుడు దొరకినదో చెప్పు చిన్న కాగితము పోయినచో శాస్త్రమునకు ఆ రాయి చాలవరకు మూగదగును. అబద్ధపు చీటీ తగిలించినచో అది మూగది కన్న ప్రమాదకరమగును. కింగ్స్‌బరీ అను ఆంగ్ల ఖనిజ సేకర్త యుండెను. బ్రిటనులో అరుదైన ఖనిజములను ఎన్నింటినో తానే కనుగొన్నట్లు ప్రకటించి కీర్తి గడించెను. 1968లో ఆయన మరణించెను. వేరు దేశముల నుండి, వేరు గనుల నుండి వచ్చిన రాళ్లకు ఆయన తప్పుడు స్థలములు అంటగట్టెనని 1990ల చివర శాస్త్రవేత్తలు పరిశీలించి బయటపెట్టిరి. దాని ఫలితమేమి? ఆయన నిజముగా కనుగొన్నవి కూడ సందేహమునకు గురియైనవి. అబద్ధము ఒక రాతితో ఆగదు. ప్రక్కనున్న సత్యమును కూడ మింగును.

కింగ్స్‌బరీ అబద్ధము కీర్తి కొరకు. బజారులో అబద్ధములు ధనము కొరకు. విరిగినదానిని జిగురుతో అతికి, అతికితినని చెప్పకుండుట. నూనె పూసి మెరుగు తెచ్చి, సహజ కాంతి యనుట. పాచికను తట్టి చీల్చిన ఎనిమిది ముఖముల ముక్కను భూమిలో అట్లే పుట్టిన స్ఫటికమని నమ్మించుట. ఎండలో వెలసిపోవు రాతిని ఆ సంగతి దాచి అమ్ముట. ఇవి యన్నియు ఇందలి మోసములు. గమనింపుడు, అతుకుట తప్పు కాదు, చీల్చుట తప్పు కాదు. ఇల్లినాయిలో ఎందరో గృహస్థులు అట్టి ఎనిమిది ముఖముల ముక్కలను చీల్చి బడిపిల్లలకు కొద్దిపాటి వెలకు అమ్మిరి. అది చక్కని చేతిపని. చేసినదానిని చెప్పకుండుటయే తప్పు. ఒక్క మాట కలిపినచో వ్యాపారము, ఆ మాట మ్రింగినచో మోసము.

ఇది మన ఇంటి గడపలోనికి కూడ వచ్చిన సంగతి. నేడు బజారులో ఫ్లోరైటుతో చెక్కిన లింగాకృతులు, గుండ్లు, మాలలు దొరకుచున్నవి. ఫ్లోరైటు అని చెప్పి అమ్మినచో దోషములేదు. మనవారు పూజలో స్ఫటికమనునది పలుగురాతి జాతి. దాని గట్టితనము 7, ఫ్లోరైటుది 4. ఒకదానిని మరొకటిగా చెప్పి, భక్తుని శ్రద్ధ మీద వెల కట్టుట సామాన్య దోషము కాదు. ఇష్టలింగపు మహిమ శిల యొక్క వెలలో లేదని ఎరిగిన మనము, వెల హెచ్చినకొలది పుణ్యము హెచ్చునని చెప్పు వర్తకుని మాటను చెవిని పెట్టరాదు.

మూడవ ఋణము కాలమునకు. చెట్టు కొట్టినచో మరల చెట్టు మొలచును. గోవును పిండినచో మరునాడు పాలు వచ్చును. ఖాళీయైన రాతి దొల్ల మన జన్మలో గాని, మన వంశములో గాని మరల నిండదు. కావున ఎంత తీయవలెనను ప్రశ్న, వెల ఎంత యను ప్రశ్న కన్న పెద్దది. మారయ్య ఒకనాడు మామూలుకన్న ఎక్కువ బియ్యము తేగా, ఆయన ధర్మపత్ని లక్కమ్మ, ఈ అదనపు ఆశ మనకేల యని మందలించి వెనుకకు పంపెనని కదా మనము చదువుకొన్నది. రాలిన గింజ యైనను, ఎవరి సొత్తు కాకున్నను, అవసరమునకు మించి ఏరరాదనుట ఆ తల్లి తీర్పు. మారయ్య కాయకమును నిర్దోషముగా నిలిపినది ఆమె.

లక్కమ్మ తీర్పు ఆచరణ సాధ్యమేయని చూపు ఉదాహరణలు లోకములో కలవు. ఇంగ్లండులో కాసిల్టను అను ఊరి కొండలో బ్లూ జాన్ అను ఊదా, పసుపు చారల ఫ్లోరైటు దొరకును. రెండు శతాబ్దములకు పైగా దానితో పాత్రలు, ఆభరణములు చేయుచున్నారు. నిలువ తరిగినందున నేడు ఏటేట కొద్ది పరిమాణము మాత్రమే చేతిపనిముట్లతో తీయుచున్నారు. వీర్‌డేల్ లోయలోనే రోజర్లీ అను చిన్న గనిని 1970వ దశకము నుండి నమూనాల కొరకే త్రవ్విరి. అచ్చటి రాయి దీపపు వెలుగులో ఆకుపచ్చగా, ఎండలో నీలివన్నెగా కనబడును. ఐనను ఎక్కువకాలము ఎండలో ఉంచినచో రంగు తగ్గును. దానిని పొందినవాడు వెలుగునకు చూపవలెను, వెలుగునుండి కాపాడవలెను. యజమానిగా కాక కాపరిగా ఉండవలెనను పాఠమును ఆ రాయియే చెప్పుచున్నట్లున్నది.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చును. రాతిని కొండలోనే వదలివేయుట అన్నిటికన్న ఉత్తమము కదా? గుహలలో, రక్షిత స్థలములలో అదియే ధర్మము. అచ్చట ఒక్క ముక్కను విరిచినను దోపిడియే. కాని ఎట్లును ప్రేలుడుకు, మరకు పోవుచున్న గనిలో తీయకుండుట త్యాగము కాదు, అలక్ష్యము. ఏది నిలిచియుండునో దానిని ముట్టరాదు. ఏది నశించునో దానిని నిలుపవలెను. ఈ వివేకము లేనిచో సేకరణము దోపిడి యగును, వైరాగ్యము సోమరితనమగును.

సేకర్తలలో ఆదర్శప్రాయులు లేకపోలేదు. సర్ ఆర్థర్ రస్సెల్ అను ఆంగ్లేయుడు బాల్యము నుండి బ్రిటను గనులలో తిరిగి, మూతపడిన గనుల ఖనిజములను, పాత సేకర్తల చీటీలను శ్రద్ధతో భద్రపరచెను. 1964లో ఆయన మరణించిన తరువాత ఆ సేకరణమంతయు లండనులోని సహజ చరిత్ర సంగ్రహాలయమునకు చేరినది. పెట్రోనియసు తన తరువాత ఎవరికిని దక్కరాదని పగులగొట్టెను. రస్సెల్ తన తరువాత అందరికిని దక్కవలెనని అప్పగించెను. ఇద్దరును రాతిని ప్రేమించిరి. ఒకడు తనది అనుకొనెను. ఒకడు తన వద్ద ఉన్నది అనుకొనెను. మన దాసోహమును తెలిసినవారికి ఈ రెండు మాటలకు గల దూరము విప్పి చెప్పనవసరము లేదు.

కావున మొదటి ప్రశ్నకు సమాధానము ఇట్లు చెప్పవచ్చును. శ్రమకు తగిన వెల అమ్మినవానిది. దానిని తలయెత్తి తీసికొనవచ్చును. శ్రమకు మించిన వెల ఒక్కరి చేతికి వచ్చినను ఒక్కరిది కాదు. అందులో మొదటి చేతికి భాగమున్నది. సత్యమునకు భాగమున్నది, అనగా లాభము తగ్గినను లోపమును చెప్పవలెను. ముందు తరములకు భాగమున్నది. అనగా కొంత తీయక విడువవలెను, తీసినదానిని చెడనీయరాదు, తుదకు పదిమంది చూచుచోటికి చేర్చవలెను. ఈ మూడు ఋణములు తీర్చిన పిమ్మట మిగిలినది తిన్నను అరుగును.

స్ఫటికములు అమ్మువారు మనలో ఎందరుందురు? కాని బాట పడి వెల పెరిగిన భూమి కలవారున్నారు. కరవులో ధాన్యము నిలువ ఉన్నవారున్నారు. తాతలనాటి తాళపత్రములు, కంచు విగ్రహములు ఇంటిలో గలవారున్నారు. ఎదుటివానికి తెలియని వెల తమకు తెలిసినవారు అన్ని వృత్తులలోను ఉన్నారు. వారందరికిని ఈ లెక్క వర్తించును. చేతికి సొమ్ము వచ్చినపుడు, ఇందులో నా చెమట యెంత అని ఒక్కసారి అడుగుకొనుట చాలును. మిగిలినది ఎవరిదో ఆ ప్రశ్నయే చూపును.

భూమి తన చీకటిలో ఏ లాభము కోరక రంగులు పెంచినది. ఆ రంగులకు వెల కట్టినది మనము. కట్టిన వెలలో మన శ్రమ కొంచెము, మన ఆశ కొంచెము, పరుల భాగము కొంచెము కలిసియున్నవి. వాటిని ధాన్యమును చెరిగినట్లు చెరిగి వేరుచేసికొనుటయే గృహస్థుని నిత్య కాయకము.